పసుపు: గ్రంథప్రమాణమును రసాయనప్రమాణమును

పసుపును గూర్చి నేఁడు రెండు విధములగు వాదములు వినవచ్చుచున్నవి. ఆమ్లజనీకరణమును నిరోధించు పదార్థములును, శోథమును శమింపఁజేయు పదార్థములును దీనియందుఁ గలవని రసాయనశాస్త్రజ్ఞులు రెండు శతాబ్దుల పరిశ్రమచేఁ గనుఁగొని యున్నారు. ఈ మాట విన్నతోడనే మనవారిలోఁ గొందఱు, ఇదియంతయుఁ జరకసుశ్రుతు లెఱిఁగినదే యని గర్వింతురు. వేఱు కొందఱు, ప్రాచీనగ్రంథములందున్నది వాడుకమాత్రమే కాని జ్ఞానము కాదని త్రోసివేయుదురు. ఈ యుభయపక్షములవారును గ్రంథములను దెఱచి చూడకయే పలుకుచున్నారని నా యభిప్రాయము. ఏ గ్రంథము పసుపున కే గుణమును జెప్పినది, ఆ మాటకు నాఁటి యర్థమేమి, ప్రయోగశాల తేల్చిన దెంత, తేల్చనిదెంత యను విషయములను వేఱువేఱుగ విచారించినఁగాని సత్యము బోధపడదు. గ్రంథము వాడుకయొక్క ప్రాచీనతకుఁ బ్రమాణము. ఫలసిద్ధికిఁ బరీక్షయే ప్రమాణము. ఈ రెంటిని గలిపివేయుటచే రెండును జెడుచున్నవని చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

నామవిచారము

తెలుఁగున "పసుపు" దేశ్యపదము. పసి, పసరు, పచ్చ, పసిఁడి యను మాటలు దీనికిఁ దోఁబుట్టువులు. తమిళమునందలి "పసుమై" మొదలగు రూపములును ఈ ధాతువునుండి పుట్టినవే. లేఁతయాకుపచ్చయు, బంగరువన్నెయు రెండును దీని యర్థములు. సంస్కృతమున "హరిద్ర" యందలి "హరి" శబ్దమునకును ఇట్లే యాకుపచ్చ, పసుపుపచ్చ యను రెండర్థములు గలవు. వేర్వేఱు కుటుంబములకుఁ జెందిన రెండు భాషలు ఒకే వస్తువునకు ఒకే త్రోవను, రంగును బట్టియే, పేరిడుట గమనింపఁదగినది. హిందీయందలి "హల్దీ" హరిద్రాశబ్దభవము. నిశ, రజని మొదలగు రాత్రివాచకములును సంస్కృతనిఘంటువులలో దీనికిఁ బర్యాయములుగఁ జెప్పఁబడినవి.

కుంకుమశబ్దచరిత్ర మింకను విచిత్రము. సంస్కృతమునఁ గుంకుమ మనఁగాఁ గాశ్మీరమునఁ బండెడి పుష్పకేసరము. హీబ్రూ భాషలోని "కర్కోమ్", అరబ్బీలోని "కుర్కుమ్" అను పదములు దీనికి సజాతీయములుగ నెన్నఁబడుచున్నవి. అరబ్బు లా పదమును గేసరమునకును, రంగునందలి పోలికచేఁ బసుపునకును గూడ వాడిరి. ఐరోపీయులు దానినే గ్రహించి "కుర్కుమా" యని పసుపునకు స్థిరపఱచిరి. తెలుఁగుదేశమునఁ గూడ ఆ మార్పే వేఱొక త్రోవను జరిగినది. మన స్త్రీలు నొసటఁ దాల్చు కుంకుమ కాశ్మీరకేసరము గాదు. పసుపుతోఁ జేసిన యెఱ్ఱనిపొడి. అసలు కేసరమునకు మనము "కుంకుమపువ్వు" అని వేఱుపేరు పెట్టుకొంటిమి. ఇట్లు ప్రయోగశాలలోని "కర్క్యుమిను" అను పదమును, మన యింటి భరిణెలోని "కుంకుమ" యును బహుదూరము తిరిగి ఒక్క దుంపకడకే చేరినవి. ప్రాచీనసంస్కృతగ్రంథమునఁ గుంకుమ మని చూచినంతమాత్రనఁ బసుపని తలంపరాదనుట దీనివలనఁ దేలిన మొదటి హెచ్చరిక.

గ్రంథసాక్ష్యము

ఈ దేశమునఁ బసుపు వాడుక వైద్యగ్రంథములకంటెఁ బ్రాచీనము. హర్యానాలోని ఫర్మానా యను హరప్పా నాగరకతాస్థలమున దొరకిన కుండలయందును, మానవదంతములయందును అల్లము, పసుపు దుంపల పిండికణములు గలవని 2010లోఁ బరిశోధకులు ప్రకటించిరి. నాలుగువేల యేండ్లకుఁ బూర్వమే దీనిని భుజించిరనుటకు ఇది సాక్ష్యము. మందుగాఁ దినిరో, కూరలోఁ గలుపుకొనిరో యా కణములు చెప్పఁజాలవు.

అథర్వవేదము ప్రథమకాండమున, చర్మముపైఁ దెల్లమచ్చలకు రంగు వేయుమని ప్రార్థింపఁబడిన "రజని" యను నోషధి కలదు. ఉత్తరకాలమున రజని పసుపునకుఁ బర్యాయమగుటచే, వేదకాలముననే పసుపు కుష్ఠౌషధమని కొందఱు వ్రాసిరి. కాని యచ్చట నా యోషధికి నలుపుందెలుపు విశేషణములు గలవు. రజని యనఁగా రంజింపఁజేయునది యని యర్థము. నల్లనివన్నె నిచ్చు మొక్కకుఁ జెల్లు మాటను బచ్చనివన్నె నిచ్చు దుంపకుఁ గట్టుట యుక్తము గాదు. పేరు నిలిచి వస్తువు మాఱుట ఓషధినామములలోఁ దఱుచు.

చరకసంహితకు వచ్చినఁ గాలు మోపుటకు గట్టినేల దొరకును. సూత్రస్థానము నాలుగవ యధ్యాయమున ఓషధులు పదేసిచొప్పున 50 మహాకషాయములుగా విభజింపఁబడినవి. వీనిలో హరిద్ర మూఁట నున్నది: లేఖనీయము, కుష్ఠఘ్నము, విషఘ్నము. లేఖనీయ మనఁగాఁ బేరుకొన్న మేదస్సు మొదలగువానిని గీచివేయునది. కుష్ఠఘ్నము చర్మరోగములకు, విషఘ్నము విషమునకు విఱుగుడు. ఇఁక శ్వయథుహరము, అనఁగా శోథమును హరించునది, అను వర్గము వేఱుగఁ గలదు. అందలి పది ద్రవ్యములు మారేడు, పల్లేరు మున్నగు దశమూలములు. పసుపు అందు లేదు!

ఈ లేమి మనవారు సావధానముగఁ జూడవలసినది. పసుపునందలి శోథహరగుణమును జరకుఁడు చెప్పెనని నేఁడు పలువురు వ్రాయుచున్నారు. శోథహరద్రవ్యముల పట్టికను వ్రాయుటకుఁ బూనుకొన్నపుడు చరకుఁడు పసుపును జేర్చలేదన్నది గ్రంథమునందలి నిజము. దానివలనఁ జరకునకు లోపము గలుగదు. ఆయన చెప్పనిదానిని ఆయననోటఁ బెట్టుటయే లోపము.

సుశ్రుతుఁడు సూత్రస్థానము 38వ యధ్యాయమున హరిద్రాదిగణమును జెప్పెను. హరిద్ర, దారుహరిద్ర, కలశి, కుటజబీజము, మధుకము అను నైదును ఆ గణము. స్తన్యశుద్ధికిని, ఆమాతిసారమునకును అది విహితము. వాగ్భటుఁడు అష్టాంగహృదయము చివర నొక్కొక్క రోగమునకు శ్రేష్ఠమగు మందును బేర్కొనుచుఁ బ్రమేహమునకు ఉసిరికను, బసుపును నిర్దేశించెను. పదునాఱవ శతాబ్దివాఁడగు భావమిశ్రుని భావప్రకాశమున మాత్రము హరిద్రాగుణములలో వర్ణ్యత్వము, చర్మదోషహరణము, మేహహరణము మొదలగువానితోఁ బాటు శోథహరణమును వ్రణహరణమును స్పష్టముగఁ జెప్పఁబడినవి. చరకుని పట్టికకును భావమిశ్రుని పట్టికకును నడుమ వేయేండ్లకుఁ బైఁబడిన కాలమున్నది. ఆ కాలమున వైద్యులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మందు వాడుచుఁ జూచుచు గుణములను జేర్చుచు వచ్చిరి. ఆయుర్వేదము ఒక్కనాఁడు పుట్టి ఘనీభవించినది కాదనుటకుఁ బసుపుచరిత్రయే చక్కని నిదర్శనము. అంతయుఁ జరకునియందే యున్నదనువారు చరకుని గౌరవింపఁబోయి, తరువాతి వైద్యుల కృషిని మాపివేయుచున్నారు.

శోథశబ్దార్థమును గూడ నరయవలయును. శోథ మనఁగా వాపు. నీరుపట్టిన కాలును శోథమే, గడ్డ లేచిన చోటును శోథమే. పాశ్చాత్యవైద్యమున క్రీస్తుశకము మొదటి శతాబ్దివాఁడగు సెల్సస్ ఎఱుపు, వాపు, వేఁడిమి, నొప్పి యను నాలుగు లక్షణములను గలిపి యొక్క వికారముగ నిరూపించెను. నేఁటి శాస్త్రజ్ఞులు చెప్పునది యా వికారమును గూర్చి. మనలో దానికి సన్నిహితమైనది సుశ్రుతుఁడు చెప్పిన వ్రణశోఫము. ఆమము, పచ్యమానము, పక్వము అని మూఁడవస్థలుగ దానిని విభజించి వేఁడిమి, రంగు, నొప్పి యెట్లు మాఱునో యాయన వర్ణించెను. కావున శోథహర మను మాట కనఁబడిన ప్రతిచోటను నేఁటి పారిభాషికార్థమును జొప్పించుట పొరపాటు.

వేఱొక చిక్కు హరిద్రాద్వయము. "రెండు హరిద్రలు", "రెండు నిశలు" అని యోగములలోఁ దఱుచుగ వచ్చును. అందొకటి మన పసుపు; రెండవది దారుహరిద్ర, అనఁగా మ్రానిపసుపు. ఇది దుంప గాదు, పచ్చని కొయ్య గల వేఱొక మొక్క. చరకుని కండూఘ్న, అర్శోఘ్నవర్గములలోనున్నది ఈ దారుహరిద్రయే. రెండును బచ్చనివే, రెండును హరిద్రలే. కాని దారుహరిద్రయందలి పచ్చదనము బెర్బెరిను అను క్షారజాతిపదార్థమువలనఁ గలిగినది. పసుపునందలి పచ్చదనమునకు దానితో సంబంధము లేదు. రంగును బట్టి పేరిడుట కవికిఁ జెల్లును. రంగును బట్టి గుణమును నిర్ణయించుట పరిశోధకునకుఁ జెల్లదు. కస్తూరిపసుపు, మామిడియల్లము అనునవి పసుపునకు నిజమైన దాయాదులే యైనను వేఱుజాతులు. అనువాదములు చేయువారు వీని నన్నింటిని ఒక్క "పసుపు" మాటతోఁ దెలుఁగు చేసినచో గ్రంథసాక్ష్యమంతయుఁ గలఁగిపోవును.

మొక్కయు దాని ప్రయాణమును

పసుపుమొక్క విత్తనము లీనదు. దాని కణములలో వర్ణదండములు మూఁడు జతకట్టుగా నుండుటచే బీజోత్పత్తి సాగదు. అడవిలోఁ దనంత తాను బెరిగి వ్యాపించు మొక్క కాదిది. దుంపను నాటినచోటనే మొలచును. కావున నేఁడు లోకమునఁ గల ప్రతి పసుపుకొమ్మును ఒక మనుష్యుఁడు మఱియొక మనుష్యునికిఁ జేతికిచ్చినదాని సంతానమే. ఈ దృష్టితోఁ జూచిన, పసుపు వ్యాప్తిచరిత్రము మానవుల రాకపోకల చరిత్రమే యగును.

పోర్చుగీసు వైద్యుఁడు గార్సియా ద ఓర్తా 1563లో గోవాలో ముద్రింపించిన సంవాదగ్రంథమున దీనిని "దేశపు కుంకుమపువ్వు" అను నర్థమిచ్చు పేరితో వర్ణించెను. లిన్నేయసు 1753లోఁ "గుర్కుమా లోంగా" యని శాస్త్రనామమిడెను. తెలుఁగుసీమలో దుగ్గిరాల, ఆర్మూరు, మైదుకూరు, టేకూరుపేట యను నూళ్ళ పేళ్ళే పసుపురకములకుఁ బేళ్ళయినవి. 2023లో నేర్పాటు ప్రకటింపఁబడిన జాతీయ పసుపు మండలికిఁ బ్రధానకార్యాలయము 2025లో నిజామాబాదునఁ దెఱవఁబడినది.

రసాయనచరిత్రము

1815లో వోగెలు, పెల్లెటియే యను నిరువురు పసుపునుండి పచ్చని రంగుపదార్థమును వేఱుచేసి కర్క్యుమిను అని పేరిడిరి. వారు తీసినది శుద్ధపదార్థము గాదు. 1870లో దౌబె దానిని స్ఫటికరూపమునఁ బొందెను. 1910లో మిలొబెంజ్కా, కొస్తానెట్స్కీ, లాంపే యను పోలెండు శాస్త్రజ్ఞులు దాని నిర్మాణమును దేల్చిరి; 1913లో దానిని గృత్రిమముగఁ జేసి తమ నిర్ణయము సరియని చూపిరి. ఆ నిర్మాణము సుబోధమే. ఫెరూలికామ్లమను పదార్థపు టణువులు రెండు నడుమ నొక కర్బనపరమాణువుచే రెండు చేతులు కలుపఁబడినట్లుండును. అందుచేతనే దీనికి డైఫెరులాయిల్ మీథేను అని నామాంతరము గలిగినది. 1953లో కె. ఆర్. శ్రీనివాసను అను భారతీయుఁడు పసుపునందలి రంగు ఒక్కటి గాదనియు, దానిలో మూఁడు సజాతీయపదార్థములు గలవనియు వేఱుచేసి చూపెను. ఈ మూఁటికిఁ గలిపి కర్క్యుమినాయిడులని పేరు. ఎండుపసుపున ఇవి సామాన్యముగ నూటికి 2 మొదలు 5 పాళ్ళుండును. ఇవి గాక వాసననిచ్చు తైలమొకటి గలదు. అందు టర్మెరోనులు ముఖ్యములు.

ఇఁక గుణములు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో శ్రీమాలు, ధావను అను వారు 1973లోఁ బ్రకటించిన పరిశోధనమునఁ గర్క్యుమిను ఎలుకలకుఁ గృత్రిమముగఁ గలిగించిన వాపును దగ్గించునని చూపిరి. శోథశమనగుణమునకు ఆధునికరీతిని బలమైన సాక్ష్యమిదియే. 1976లో ఓ. పి. శర్మ కర్క్యుమినునకును, దాని సజాతీయములకును ఆమ్లజనీకరణమును నిరోధించు శక్తి గలదని చూపెను. 1995లో సింగు, అగర్వాలులు కణములోని యొక ముఖ్యమైన యాజ్ఞావాహకము, ఎన్‌.ఎఫ్. కప్పా-బి యనునది, కర్క్యుమినుచే నిరోధింపఁబడునని కనుఁగొనిరి. శోథమును రేపు పదార్థములను దయారుచేయుమని కణమునకు ఆజ్ఞనిచ్చునది యదియే. కావున నా యాజ్ఞ యాఁగినచో శోథము తగ్గును.

ఆమ్లజనీకరణనిరోధ మెట్లు జరుగునో సంగ్రహముగఁ జెప్పెదను. నూనె చెడుటయు, ఇనుము త్రుప్పుపట్టుటయు ఆమ్లజని చేయు పనులు. శరీరమునఁ గూడ జతలేని యెలక్ట్రాను గల అణుశకలములు పుట్టి, తమకు జత దొరకువఱకును బ్రక్కనున్న కొవ్వులను, మాంసకృత్తులను బాడుచేయుచుఁ బోవును. కర్క్యుమినుయొక్క రెండు కొనలయందును గల ఫినాలుభాగములు తమ యుదజనిపరమాణువు నిచ్చి యా శకలమును శాంతింపఁజేయును. దాత తాను శకలమైనను, దాని యెలక్ట్రాను అణువంతటను బంచుకొనఁబడుటచేఁ జుట్టుప్రక్కలవానికి హాని చేయదు. పసుపునకు రంగునిచ్చునదియు నీ పంపకమే. ఒక్క నిర్మాణమునుండి రంగును, రక్షణమును రెండును గలుగుచున్నవి.

హరిద్రారాగము

ఈ యణువు చపలమైనది. దీని చాపల్యమును రసాయనశాస్త్రజ్ఞులకంటె ముందుగ మన గృహిణులును, రంగరులును, కవులును గుర్తించిరి.

పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱనగును. వివాహమున వధూవరుల పాదములకుఁ బెట్టు పారాణి యిదియే; దిష్టి తీయు నెఱ్ఱనీళ్ళును, వేడుకలలోఁ జల్లుకొను వసంతమును నిదియే. సున్నము క్షారము, క్షారము సోఁకఁగానే కర్క్యుమినునందలి యుదజని తొలఁగి దాని వెలుఁగు నిగళించు తీరు మాఱును. ఐరోపా ప్రయోగశాలలలోఁ బసుపు పూసిన కాగితముతో క్షారమును బరీక్షించుట యలవాటయ్యెను. కుంకుమ చేయుటలో వాడు వెలిగారముతోను, నిమ్మపులుసుతోను గలిగెడి యెఱుపు వేఱుజాతిది. అది బోరికామ్లము కర్క్యుమినుతోఁ గూడి కట్టిన నూతనపదార్థము. ఈ రెండెఱుపులకును భేదము గలదని మన వాడుకయే సాక్ష్యమిచ్చుచున్నది. పారాణి కొలఁదిదినములలో మాసిపోవును. కుంకుమ భరిణెలో నిలిచియుండును.

వస్త్రమునకుఁ బసుపురంగు వేసి యెండలోఁ బెట్టిన వెలిసిపోవును. వెలుతురుచేఁ గర్క్యుమిను ముక్కలగుటయే దీనికిఁ గారణము. సంస్కృతనిఘంటువులు "హరిద్రారాగము" అను మాటకు నిలుకడలేని ప్రేమ యని యర్థము చెప్పుచున్నవి. రంగునకును, అనురాగమునకును రాగశబ్దము సమానమగుటచే నా పదమున నొక రసాయనసత్యము ఇమిడియున్నది. మంజిష్ఠారాగమును దృఢప్రేమకు నుపమానముగ వాడిన యాలంకారికులు, ఏ రంగు నిలుచునో యేది నిలువదో చక్కఁగ నెఱిఁగియుండిరి. వైద్యగ్రంథములఁ గానరాని యీ విషయము కావ్యశాస్త్రమున దొరకుట సాహిత్యపరిశోధకులకు సంతోషకరము.

ఫలసిద్ధివిచారము

నిలుకడలేమి వస్త్రముననే కాదు, శరీరమునను గలదు. కర్క్యుమిను నీటఁ గరఁగదు. నోటఁ దీసికొన్నదానిలో మిక్కిలి స్వల్పభాగము మాత్రమే రక్తమునఁ జేరును. చేరినదానిని గాలేయము వెంటనే మార్చి వెడలఁగొట్టును. 1998లో బెంగుళూరున నాచరింపఁబడిన పరీక్షలో 2 గ్రాముల కర్క్యుమినుతో 20 మిల్లీగ్రాముల పైపెరిను, అనఁగా మిరియమునందలి సారము, కలిపి యిచ్చినప్పుడు రక్తములోనికిఁ జేరు భాగము సుమారిరువది రెట్లు పెరిగినది. మన చారులోను, పాలకాషాయములోను బసుపును మిరియమును గలియుట దీనిని దలఁపించును. పూర్వులు దీనినెఱిఁగియే కలిపిరని చెప్పుటకుఁ బ్రమాణము లేదు. రుచికిఁ గలిపినను ఫలము ఫలమే. కాని ఫలమునుబట్టి సంకల్పమును గల్పించుట చరిత్రకారుని ధర్మము గాదు.

మోతాదును గూడ లెక్కింపవలయును. దినమునకొక గ్రాము పసుపు వంటలోఁ బడినదనుకొందము. నూటికి 3 పాళ్ళచొప్పున అందుఁ గర్క్యుమినాయిడులు 30 మిల్లీగ్రాములు. పైపరీక్షయందు వాడిన 2 గ్రాములను వంటపసుపునుండి పొందవలెనన్న సుమారు 66 గ్రాములు తినవలయును. వంటపసుపును గూర్చి గ్రంథములు చెప్పినదియు, సారము తీసిన గుళికను గూర్చి పరీక్షలు చెప్పినదియు ఒకదానికొకటి ప్రమాణములు గానేరవు.

రోగులపైఁ జేసిన పరీక్షల ఫలితములు మిశ్రములు. 2014లోఁ బ్రకటింపఁబడిన థాయిలాండు పరీక్షలో మోకాలి కీళ్ళు అరిగిన 367 మందిలోఁ గొందఱకు దినమునకు 1500 మిల్లీగ్రాముల పసుపుసారమును, గొందఱకు 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెనును నాలుగువారము లిచ్చిరి. నొప్పి తగ్గించుటలోఁ బసుపుసారము రెండవదానికిఁ దీసిపోలేదు. 2017లో నెల్సను మొదలగు అమెరికా రసాయనవేత్తలు వెలువరించిన సమీక్షయందు మాత్రము తీవ్రమైన యాక్షేపము గలదు. కర్క్యుమిను కంటఁబడిన ప్రతిపదార్థముతోను జర్య జరుపును. స్వయముగ రంగును వెలుఁగును గలది. అందుచేఁ బరీక్షానాళికలలో లేని ఫలమును ఉన్నట్లు చూపును. మందు గానిదానితోఁ బోల్చి గుప్తముగఁ జేసిన పరీక్షలలో నిస్సంశయముగ గెలిచినది లేదు అని వారి వాదము. దీనిపై వాదోపవాదములు జరుగుచున్నవి.

ఆపదయు లేకపోలేదు. ఇటలీలో 2019లోఁ బసుపుగుళికలు వాడినవారిలోఁ గాలేయశోథము గనఁబడినట్లు అధికారులు ప్రకటించిరి. అమెరికాలో 2022లోఁ బ్రకటింపఁబడిన పరిశీలనమున నిట్టి రోగులు పదిమంది వర్ణింపఁబడిరి. వారిలోఁ బలువురకు ఒక విశేషజన్యులక్షణ మున్నది. కొన్ని గుళికలలో మిరియపుసారము గూడ నుండెను. శరీరము మలినమని వెడలఁగొట్టుదానిని వెడలనీయక నిలుపుటకుఁ దగిన వెల యుండునని గ్రహింపవలయును. వంటలోఁ బసుపునకు వేలయేండ్ల వాడుక సాక్షి; గుళికకు ఆ సాక్ష్యము చెల్లదు. రంగుపై మోజు తెచ్చు ముప్పు మఱియొకటి. బంగ్లాదేశమునఁ బసుపుకొమ్ములకు మెఱుఁగు తెచ్చుటకై సీసపు క్రోమేటును బూయుచుండిరనియు, దానివలన జనుల రక్తమున సీసము చేరెననియు 2019లోఁ బరిశోధకులు నిరూపించిరి. పచ్చనిదెల్లఁ బసుపు గాదను మాట దారుహరిద్రతో మొదలై యిచ్చట విషముతో ముగిసినది.

పేటెంటువివాదము

గ్రంథప్రమాణము న్యాయస్థానమువంటి చోట నిలిచి గెలిచిన కథను జెప్పక యీ వ్యాసము పూర్తిగాదు. 1995 మార్చి 28వ తేదీని అమెరికా ప్రభుత్వము 5,401,504 సంఖ్య గల పేటెంటును మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమున కిచ్చెను. గాయములకుఁ బసుపుపొడి నిచ్చి మాన్పుట తమ నూతనకల్పన యని అందలి వాదము. పొందినవారు భారతీయసంతతివారే. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి, ఆర్. ఎ. మషేల్కరు ఆధ్వర్యమున, 1996లో దీనిపై నాక్షేపణ దాఖలు చేసెను. సంస్కృతము, హిందీ, ఉర్దూ భాషలలోని గ్రంథములతోఁ గూడ మొత్తము 32 ఆధారములు చూపఁబడినవి. వానిలో భారతీయవైద్యసంఘపు పత్రికయందు 1953లోఁ బడిన వ్యాసము నొకటి. 1997లోఁ బేటెంటు రద్దయినది. మూఁడవ ప్రపంచమునకుఁ జెందిన దేశము తన సంప్రదాయజ్ఞానమును జూపి అమెరికా పేటెంటును రద్దుచేయించుట అదియే మొదలని ప్రఖ్యాతి.

ఈ విజయముయొక్క యర్థమును సరిగా గ్రహింపవలయును. పసుపు గాయములను మాన్పునా, మాన్పదా యను విచారణ యచ్చట జరుగలేదు. వాడుక క్రొత్తదా ప్రాఁతదా యనుటయే ప్రశ్న. దానికి గ్రంథము సంపూర్ణప్రమాణమై నిలిచినది. మన యింటింట నవ్వలు చెప్పు సామాన్యజ్ఞానము చాలలేదు, వ్రాఁతయే కావలసెను. వ్రాఁత లేని వాడుకకు విదేశమున సాక్ష్యము లేదు. ఈ పాఠము ఫలితముగ 2001లో సంప్రదాయజ్ఞానపు డిజిటల్ గ్రంథాలయ మను ప్రయత్నము మొదలిడఁబడినది. ఆయుర్వేద, యునానీ, సిద్ధగ్రంథములలోని యోగములను అందు విదేశభాషలలోనికి మార్చి పేటెంటు పరిశీలకుల కందఁజేయుచున్నారు.

ఉపసంహారము

పైవిచారమునఁ దేలిన యంశములు స్వల్పములైనను దృఢములు. పసుపు వాడుక హరప్పాకాలమంత ప్రాచీనము. చరకుఁడు దానికిఁ జెప్పిన గుణములు లేఖనము, కుష్ఠహరణము, విషహరణము. శోథహరణము భావమిశ్రునియందు స్పష్టము. శోథమునకు నేఁటి శాస్త్రము చెప్పు నర్థము మన శోథశబ్దమునకుఁ బూర్తిగా సరిపోదు. కర్క్యుమినునకు రెండుగుణములును బరీక్షానాళికలలోను, జంతువులలోను జూపఁబడినవి. మనుష్యశరీరమున నవి యెంత ఫలించునో వివాదగ్రస్తము. మన తాతలు చెప్పిరనుట దానిని దీర్పఁజాలదు. ఒక రసాయనవేత్త సంశయించెననుట మన గ్రంథముల విలువను దగ్గింపదు.

ఇఁకఁ జేయవలసిన పని గ్రంథపక్షమున మనది. తెలుఁగునాఁట వెలసిన బసవరాజీయము మొదలుకొని, చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునందును, తంజావూరి సరస్వతీమహలునందును గల తెలుఁగు వైద్యపుఁదాళపత్రములవఱకును బసుపునకుఁ జెప్పఁబడిన గుణములను గాలక్రమమున నేర్చి, హరిద్రాద్వయమును విడదీసి, పాఠభేదములతోఁ బ్రకటింపవలయును. ఏ యోగమున నెంత మోతాదు, దేనితోఁ గలిపి, పైపూఁతకా లోనికా యను వివరములను విడువరాదు. వైద్యుఁడు కోరునది స్తుతి గాదు, ఆ వివరమే. బడిపండితులు విద్యార్థులకు "హరిద్ర" శబ్దమును బోధించునపుడు పసుపుకొమ్మును జిటికెఁడు సున్నముతో నూఱి చూపుఁడు. ఎఱ్ఱఁబడిన యా ముద్దలో శబ్దశాస్త్రమును, రసాయనశాస్త్రమును ఒకేసారి కనఁబడును. వెలిసిపోవునది రంగు, సరిగాఁ బరిష్కరింపఁబడిన గ్రంథము వెలిసిపోదు.